అమ్మ ఇల్లు, మెడికెయిడ్ బిల్లు

కర్మకాండ అయిపోయి, పరామర్శ ఫోన్లు తగ్గి, ఇంట్లో సామాను ఏం చేద్దామని అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుంటున్న రోజుల్లో ఒక ఉత్తరం వస్తుంది. అమెరికాలో డబ్బు లేనివాళ్లకి వైద్య ఖర్చులు కట్టే ప్రభుత్వ పథకం మెడికెయిడ్. దాన్ని చూసే రాష్ట్ర ప్రభుత్వ శాఖ నుంచో, ఆ శాఖ తరఫున వసూలు చేసే కంపెనీ నుంచో. అందులో తల్లి పేరు, చనిపోయిన తేదీ, ఆమె కోసం ప్రభుత్వం ఖర్చు పెట్టిన మొత్తం ఉంటాయి. ఆ మొత్తాన్ని ఆమె మిగిల్చిన ఆస్తిలోంచి కట్టాలని అడుగుతారు. రెండు మూడేళ్లు నర్సింగ్ హోమ్‌లో ఉన్న మనిషికి ఆ అంకె రెండు లక్షల డాలర్లు దాటడం వింతేమీ కాదు. ఆమె మిగిల్చింది చాలాసార్లు ఇల్లొక్కటే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకి ఈ ఉత్తరం ఒక పట్టాన అర్థం కాదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ కింద గుండె ఆపరేషన్ చేయించుకున్న రైతు ఆ తర్వాత ఎప్పుడు చనిపోయినా, అతని ఎకరం పొలం మీదకి ప్రభుత్వం రాదు. సర్కారు సాయం అంటే ఇచ్చేసిందే, మళ్లీ అడిగేది కాదు అన్న నమ్మకంతో పెరిగినవాళ్లం. మెడికెయిడ్ ఆ లెక్కలోకి రాదు. 55 ఏళ్లు నిండాక నర్సింగ్ హోమ్‌కి, ఇంటి దగ్గర దీర్ఘకాలం చేసే సేవలకి, వాటితో ముడిపడిన ఆసుపత్రి ఖర్చులకి, మందులకి మెడికెయిడ్ కట్టిన ప్రతి డాలరూ ఆ మనిషి పేరున బాకీగా నిలుస్తుంది. బతికున్నంతకాలం సాధారణంగా ఎవరూ అడగరు. పోయాక అడుగుతారు.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. ఆంధ్ర, తెలంగాణల్లో నర్సింగ్ హోమ్ అంటే పది పడకల ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే లేవలేని, తమ పని తాము చేసుకోలేని పెద్దవాళ్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు. 2024లో ఇద్దరు కలిసి ఉండే గదికి అక్కడ ఏడాదికి మధ్యస్థ ఖర్చు లక్షా 11 వేల డాలర్ల పైమాటే. పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు. మెడికేర్ ఇచ్చేది ఆసుపత్రి నుంచి వచ్చాక కోలుకోవడానికి, ఎక్కువలో ఎక్కువ 100 రోజులు. అందులోనూ 20 రోజుల తర్వాత రోజూ కొంత చేతి నుంచి పడుతుంది. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం మాత్రమే అవసరమైన మనిషికి మెడికేర్ ఏమీ కట్టదు. దాచుకున్నది కరిగిపోయి, చాలా రాష్ట్రాల్లో 2,000 డాలర్లకి దిగాక మెడికెయిడ్ గుమ్మం తెరుచుకుంటుంది.

1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టారు. అదే ఏడాది అక్టోబర్ 3న కొత్త వలస చట్టం మీదా పెట్టారు. ఆ రెండో సంతకం వల్లనే గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో చదువుకున్న డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా వెళ్లగలిగారు. తర్వాత వాళ్ల తోబుట్టువులు, తల్లిదండ్రులు వెళ్లారు. డాక్టర్లకి దాచుకున్నది ఉంటుంది, సలహా చెప్పే లాయర్లు ఉంటారు. దుకాణాల్లో, మోటళ్లలో, చిన్న ఉద్యోగాల్లో ముప్ఫై ఏళ్లు కష్టపడి ఒక ఇంటి లోను తీర్చిన తోబుట్టువుల సంగతి వేరు. ఈ వసూలు దెబ్బ తగిలేది వాళ్లకే.

వసూలు చేయాలా వద్దా అన్నది మొదట్లో రాష్ట్రాల ఇష్టం. 1993లో ఫెడరల్ చట్టం, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం, దాన్ని తప్పనిసరి చేసింది. వెస్ట్ వర్జీనియా కోర్టుకెళ్లి, బలవంతం చేయడానికి వీల్లేదని వాదించి 2002లో ఓడిపోయింది.

రెండు వేరువేరు పరీక్షలు

ఇంటి గురించి ఉండే గందరగోళంలో సగం ఒకే కారణం వల్ల వస్తుంది. మెడికెయిడ్ దొరకడానికి ఒక పరీక్ష ఉంది. మనిషి పోయాక వసూలుకి ఇంకో పరీక్ష ఉంది. మొదటి దాంట్లో గట్టెక్కిన ఇల్లు రెండో దాంట్లోనూ గట్టెక్కుతుందని అనుకోకూడదు.

దరఖాస్తు పెట్టేటప్పుడు సొంతిల్లు సాధారణంగా ఆ 2,000 డాలర్ల లెక్కలోకి రాదు. భర్తో, భార్యో అందులో ఉంటున్నా, కోలుకుని తిరిగి వస్తానని ఆ మనిషి చెప్పినా ఇల్లు పక్కన పెడతారు. అప్పు పోగా ఇంట్లో మిగిలే సొంత విలువకి మాత్రం పరిమితి ఉంది. 2025లో అది రాష్ట్రాన్ని బట్టి 7 లక్షల 30 వేల నుంచి 10 లక్షల 97 వేల డాలర్ల వరకు ఉండేది. భార్యాభర్తల్లో రెండోవారు ఆ ఇంట్లో ఉంటే ఈ పరిమితి పట్టించుకోరు. "ఇల్లు ఉంది కాబట్టి అమ్మకి మెడికెయిడ్ రాదు" అని దరఖాస్తే పెట్టని కుటుంబాలు ఉన్నాయి. "మెడికెయిడ్ వచ్చింది కాబట్టి ఇంటికి ఢోకా లేదు" అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే, రెండోది ఇంకా ఖరీదైన తప్పు.

పోయాక జరిగే వసూలుకి చట్టమే కొన్ని చోట్ల అడ్డుకట్ట వేసింది. భర్తో, భార్యో బతికి ఉన్నంతకాలం వసూలు చేయకూడదు. 21 ఏళ్లలోపు బిడ్డ ఉన్నా, చూపు లేని లేదా వైకల్యం ఉన్న బిడ్డ ఏ వయసులో ఉన్నా చేయకూడదు. ఇక్కడ బాకీ రద్దయిందని అనుకోవద్దు. కొన్ని రాష్ట్రాలు భర్త పోయినప్పుడు ఆగి, తర్వాత భార్య పోయాక ఆమె ఆస్తి మీద అడుగుతాయి. కాలిఫోర్నియాలో అలా అడగడానికి వీల్లేదు.

మరి గ్రీన్ కార్డు మీద వచ్చి పిల్లల దగ్గరే ఉంటున్న తల్లిదండ్రుల సంగతి? ఇల్లు పూర్తిగా కొడుకు పేరునో, కూతురి పేరునో ఉంటే దాని మీదకి రారు. వసూలు మెడికెయిడ్ వాడుకున్న మనిషి ఆస్తి నుంచే. నాన్న పేరు కూడా ఉండాలని ముచ్చటపడి ఇంటి కాగితాల్లో చేర్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. అప్పుడు ఆయన వాటా ఆయన ఆస్తే.

మన ఆనవాయితీకి, ఆ చట్టానికి పడని చోటు

ఇల్లు కాపాడుకోవడానికి చట్టంలో ఉన్న దారుల్లో మన కుటుంబాలకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది, ఎక్కువగా చేజారేది కూడా, తల్లిదండ్రులని చూసుకున్న బిడ్డకి ఇచ్చే మినహాయింపు. తల్లి నర్సింగ్ హోమ్‌లో చేరడానికి ముందు కనీసం రెండేళ్లు కొడుకో కూతురో ఆమె ఇంట్లోనే ఉండి, ఆమెని చూసుకుని, ఆ సేవ వల్లే ఆమె అంతకాలం నర్సింగ్ హోమ్‌కి వెళ్లకుండా ఉండగలిగితే, ఆ ఇంటిని ఆ బిడ్డ పేరున రాసేయొచ్చు. దానమని లెక్కలో వేసి శిక్షించరు (ఆ శిక్ష సంగతి కింద, ఐదేళ్ల లెక్క దగ్గర). ఇల్లు ఆమె ఆస్తిలోంచి ముందే వెళ్లిపోతుంది కాబట్టి తర్వాత వసూలుకీ దొరకదు.

చదవగానే, ఇది మన కోసమే రాసినట్టుంది అనిపిస్తుంది. కానీ మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? నాన్న పోగానే కొడుకు వస్తాడు. "ఒక్కదానివీ ఇక్కడెందుకమ్మా, మా ఇంటికి వచ్చేయ్" అంటాడు. అమ్మ ఇంటికి తాళం వేస్తారు, లేకపోతే అద్దెకిస్తారు. తర్వాత నాలుగేళ్లు ఆమెని కంటికి రెప్పలా చూసుకుంటారు. మన పద్ధతి ప్రకారం ఇంతకంటే ధర్మం ఏముంది? చట్టం మాత్రం, బిడ్డ తల్లి ఇంట్లో ఉన్నాడా అని అడుగుతుంది. తల్లి బిడ్డ ఇంట్లో ఉంటే ఈ మినహాయింపు వర్తించదు.

ఇంకోటి. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చేది, షుగర్ చూసి ఇన్సులిన్ ఇచ్చేది, వారానికి సరిపడా మాత్రలు డబ్బా అరల్లో సర్దేది మన ఇళ్లల్లో చాలాసార్లు కోడలు. చట్టంలో ఉన్న మాట కొడుకు లేదా కూతురు. కోడలికి, అల్లుడికి, మనవరాలికి ఆ మాటలో చోటు లేదు. ఇన్నేళ్ల ఆమె చాకిరీని చట్టం లెక్కలోకే తీసుకోకపోవడం అన్యాయం, ఆ మాట గట్టిగా అనాల్సిందే. కానీ అధికారి ముందు నిలబడేది కొడుకు స్వయంగా చేసిన సేవకి ఉన్న రుజువు మాత్రమే.

రుజువు అంటే కాగితం. బిడ్డ డ్రైవింగ్ లైసెన్సు మీద, పన్ను రిటర్న్ మీద, బ్యాంకు స్టేట్‌మెంట్ మీద తల్లి ఇంటి చిరునామా ఉండాలి. ఈ రెండేళ్లూ బిడ్డ చూసుకోకపోయి ఉంటే ఆమె అప్పుడే నర్సింగ్ హోమ్‌లో చేరాల్సి వచ్చేదని డాక్టరు ఉత్తరం రాయాలి. ఒక మామూలు నోటు పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం ఎంత ఉపయోగమో చెప్పలేం: "ఉదయం లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, స్నానం, 10కి బీపీ మందు, మధ్యాహ్నం పడబోతే పట్టుకోవడం." రెండేళ్ల తర్వాత ఎవరో అడిగినప్పుడు గుర్తు తెచ్చుకుని చెప్పినదానికీ, ఆ రోజే రాసి పెట్టుకున్నదానికీ చాలా తేడా. పగలంతా ఆఫీసుకి వెళ్లే బిడ్డ అయితే ఆ గంటల్లో ఎవరు చూసుకున్నారో, ఎవరు డబ్బు కట్టారో కూడా అడుగుతారు.

తల్లి బిడ్డ ఇంటికే వచ్చేయాల్సిన పరిస్థితి అయితే ఇంకో పద్ధతి ఉంది. ఏ పని, వారానికి ఎన్ని గంటలు, గంటకి ఎంత అని ముందుగా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ఆ ప్రాంతంలో బయటివాళ్లకి ఇచ్చే రేటుకే తల్లి డబ్బు కట్టడం. అలా ఇచ్చింది దానం కిందకి రాదు. తీసుకున్నవాళ్లు ఆదాయపు పన్ను కట్టాలి. కన్నతల్లికి చేసి డబ్బు తీసుకోవడమేంటని చాలామందికి మనసొప్పదు. ఆ భావన గౌరవించదగ్గదే. అయితే నోటిమాట మీద చేసిన సేవకి తర్వాత ఎంత ఇచ్చినా దాన్ని దానంగానే చూస్తారు. ఉద్యోగం మానుకుని తల్లిని చూసుకున్న కూతురు చివరికి ఇల్లూ లేక, దాచుకున్నదీ లేక మిగిలిపోవడం కంటే ఆ కాగితం మీద సంతకం పెట్టడం నయం.

తల్లి ఇంట్లో తనకీ వాటా ఉండి, కనీసం ఏడాదిగా అక్కడే ఉంటున్న ఆమె తోబుట్టువుకి కూడా ఇల్లు రాయొచ్చు. అక్కాచెల్లెళ్లు కలిసి ఉండే ఇళ్లకి ఇది పనికొస్తుంది.

ఐదేళ్ల లెక్క

"ఇప్పుడే పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేస్తే సరి" అన్నది అందరికీ మొదట తట్టే ఆలోచన. 2006 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం దరఖాస్తుకి ముందు 60 నెలల్లో ఉచితంగానో, తక్కువ ధరకో ఇచ్చిన ప్రతి ఆస్తినీ బయటికి తీస్తారు. దాని విలువని రాష్ట్రంలో నర్సింగ్ హోమ్ నెల సగటు ఖర్చుతో భాగిస్తారు. వచ్చినన్ని నెలలు మెడికెయిడ్ ఆగిపోతుంది. ఆ నెలల లెక్క ఇల్లు రాసిన రోజు నుంచి మొదలుకాదు. చేతిలో ఉన్నదంతా అయిపోయి, నర్సింగ్ హోమ్ అవసరం పడి, మెడికెయిడ్‌కి అన్నివిధాలా అర్హత వచ్చాక మొదలవుతుంది. అంటే డబ్బు సున్నాకి దిగాక శిక్ష మొదలవుతుందన్నమాట.

తెలుగు కుటుంబాలు ఇందులో తెలియకుండా ఇరుక్కునేది ఊళ్లో ఆస్తి దగ్గర. విజయవాడలో ఫ్లాటో, కరీంనగర్ దగ్గర స్థలమో అమ్మ పేరున ఉంటుంది. సెలవులకి వెళ్లినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి కొడుకు పేరున సెటిల్‌మెంట్ డీడ్ రాసి వస్తారు. అక్కడి సంగతి అమెరికాలో ఎవరు చూస్తారని అనుకుంటారు. దరఖాస్తులో ఆస్తి ఏ దేశంలో ఉన్నా చూపించాలి. సంతకం పెట్టేది అన్నీ నిజమేనన్న ప్రమాణం మీద. ఆ స్థలం విలువ లక్షా 20 వేల డాలర్లు, రాష్ట్రం వేసుకునే నెల సగటు 10 వేలు అనుకుందాం. పన్నెండు నెలలు మెడికెయిడ్ ఉండదు. ఆ పన్నెండు నెలల బిల్లు ఎవరో ఒకరు కట్టుకోవాలి. దాచిపెడితే అది మోసం కేసు. ఉమ్మడి ఆస్తి, కోర్టు తగాదా లాంటి వాటివల్ల అమ్మడానికి నిజంగా వీల్లేకపోతే ఆ మాట కాగితాలతో సహా చెప్పుకోవాలి.

ఐదేళ్లు గడిచినా గిఫ్ట్‌కి వేరే ఖర్చులు ఉన్నాయి. రాసిచ్చాక ఇల్లు బిడ్డది. బిడ్డ విడాకుల్లో, అప్పుల్లో అది కూడా లెక్కలోకి వస్తుంది. భారతదేశంలో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, చూసుకోవాలన్న షరతు మీద రాసిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడిగే హక్కు ఇచ్చింది. అమెరికాలో ఆ ధీమా లేదు. పన్ను కూడా ఉంది. బతికుండగా రాసిస్తే, తల్లి 1985లో కొన్న ధరే బిడ్డకి కొన్న ధర అవుతుంది, అమ్మినప్పుడు లాభం అంతా పన్నులోకి వస్తుంది. పోయాక వారసత్వంగా వస్తే ఆమె పోయిన రోజు నాటి మార్కెట్ ధర లెక్క.

ఏ రాష్ట్రం అన్నదే సగం జవాబు

ఫెడరల్ చట్టం కనీసం ఎంత వసూలు చేయాలో చెప్పింది, అంతకుమించి చేసుకునే వీలు రాష్ట్రాలకి ఇచ్చింది. అందుకే ఒక స్నేహితుడు టెక్సస్‌లోని డాలస్ నుంచి ఇచ్చిన సలహా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ముంచేయొచ్చు.

కాలిఫోర్నియాలో 2017 జనవరి 1 నుంచి జరిగిన మరణాల విషయంలో ప్రొబేట్ కోర్టు, అంటే పోయినవాళ్ల ఆస్తిని వారసులకి పంచే కోర్టు, ద్వారా వెళ్లే ఆస్తి మీదే అడగగలరు. ఇంటిని మామూలు లివింగ్ ట్రస్టులో (బతికుండగానే ఆస్తిని ఒక ట్రస్టు పేరున పెట్టే ఏర్పాటు) పెట్టినవాళ్ల ఇల్లు ప్రొబేట్‌కి వెళ్లదు, వసూలుకీ దొరకదు. టెక్సస్‌లోనూ ప్రొబేట్ ఆస్తే లెక్క. అక్కడ బతికున్నంతకాలం పూర్తి హక్కు తల్లి దగ్గరే ఉంచి, పోగానే ఇల్లు నేరుగా బిడ్డకి చేరేలా రాసే డీడ్లు ఉన్నాయి. ఆమె కావాలంటే మధ్యలో అమ్ముకోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. పెళ్లికాని కొడుకో కూతురో తల్లి పోవడానికి ముందు కనీసం ఏడాదిగా అదే ఇంట్లో ఉంటే అక్కడ వసూలే చేయరు.

న్యూజెర్సీలో ఎస్టేట్, అంటే పోయిన మనిషి మిగిల్చిన ఆస్తి, అన్న మాటకి అర్థం చాలా విశాలం. ఉమ్మడి పేర్ల మీద ఉన్నది, ట్రస్టులో ఉన్నది కూడా అందులోకి వస్తాయి. నర్సింగ్ హోమ్ ఖర్చులే కాదు, 55 దాటాక మెడికెయిడ్ కట్టిన వైద్య ఖర్చులన్నీ కలుపుతారు. మెడికెయిడ్ తరఫున చూసే ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రభుత్వం నెలనెలా కట్టే ప్రీమియం కూడా అందులో ఉంటుంది. ఆ నెల మనిషి డాక్టరు గడప తొక్కకపోయినా ఆ ప్రీమియం ఆమె బాకీయే. ఇలాంటి రాష్ట్రంలో ఇల్లు నిలవాలంటే ఎక్కువగా మిగిలేది తిరిగి మార్చుకోలేని ట్రస్టు. దానికీ ఐదేళ్ల లెక్క ఉంది. ఒకసారి పెట్టాక ఇంటిని తిరిగి తన పేరుకి తెచ్చుకోవడం తల్లి చేతిలో ఉండదు. 85 ఏళ్ల వయసులో, తుంటి విరిగి ఆసుపత్రిలో ఉండగా ఆలోచించే దారి కాదిది. ఆరోగ్యంగా ఉన్న అరవైల్లో, డెబ్బైల్లో మొదలుపెట్టాలి.

అరవైల్లో ఉన్నవాళ్లకి ఇంకో వీలుంది. చాలా రాష్ట్రాలు మెడికెయిడ్‌తో ముడిపెట్టిన దీర్ఘకాల సంరక్షణ ఇన్సూరెన్స్ పాలసీలని గుర్తిస్తాయి. ఆ పాలసీ ఎంత చెల్లించిందో అంత విలువ ఆస్తిని అర్హత దగ్గరా, వసూలు దగ్గరా వదిలేస్తారు.

ఉత్తరం వచ్చేశాక

అప్పటికీ చేయగలిగింది ఉంది. వారసులు తమ జేబులోంచి కట్టక్కర్లేదు. బాకీ ఆమె మిగిల్చిన ఆస్తి దగ్గరే ఆగిపోతుంది. ప్రభుత్వం కట్టినదానికంటే ఒక్క డాలరు ఎక్కువ అడగకూడదు. కాబట్టి ముందు వివరంగా పద్దు పంపమని రాతపూర్వకంగా అడగాలి. 55 ఏళ్లకి ముందు ఖర్చులు కలిశాయేమో, ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజులకి నర్సింగ్ హోమ్ బిల్లు వేశారేమో చూడాలి. వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే వెంటనే తెలియజేయాలి. కష్టపరిస్థితి కింద మినహాయింపు ఇచ్చే పద్ధతి ప్రతి రాష్ట్రంలోనూ ఉండి తీరాలి. ఆ ఇల్లు తప్ప వేరే గూడు లేని వారసుడికో, ఆ పొలమే జీవనాధారమైన కుటుంబానికో అది వర్తించే వీలుంది. దానికి గడువు తక్కువ ఉంటుంది, ఉత్తరం మీదే రాసి ఉంటుంది. దుఃఖంలో ఆ కవరు విప్పకుండా బల్ల మీద పడేస్తే ఆ అవకాశం చేజారిపోవచ్చు.

ఇంతా చేసి ప్రభుత్వాలకి వచ్చేదెంత? 2019 ఆర్థిక సంవత్సరంలో దేశమంతా కలిపి వసూలైంది దాదాపు 73 కోట్ల 30 లక్షల డాలర్లు. దీర్ఘకాల సంరక్షణకి మెడికెయిడ్ పెట్టే ఖర్చులో అది సుమారు అర శాతం. అమెరికా కాంగ్రెస్‌కి మెడికెయిడ్ మీద సలహాలిచ్చే కమిషన్ 2021 మార్చిలో, ఈ వసూలుని మళ్లీ రాష్ట్రాల ఇష్టానికే వదిలేయమని సిఫారసు చేసింది. 2022లో ఇలినాయ్ రాష్ట్రం నుంచి కాంగ్రెస్ సభ్యురాలైన జాన్ షకోవ్‌స్కీ దీన్ని ఆపాలని బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మసాచుసెట్స్ మాత్రం 2024లో తనంతట తానే వసూలుని ఫెడరల్ చట్టం అడిగే కనీసానికి తగ్గించుకుంది. అర శాతం కోసం, ట్రస్టులు రాయించుకునే స్తోమత లేని ఇళ్లనే వెతికి పట్టుకునే ఈ పద్ధతిని సమర్థించడం కష్టం. అది మారేదాకా దాని లోపలే దారి వెతుక్కోవాలి.

ఇమిగ్రేషన్ కాగితాలు చూసిన లాయరుకి ఈ సంగతులు తెలియాలని లేదు. ఎల్డర్ లా అని ప్రత్యేకంగా ఈ పనే చేసేవాళ్లు ఉంటారు. ఫీజు కట్టలేకపోతే, 60 దాటినవారికి ఉచితంగా న్యాయ సహాయం అందించే ఏర్పాటు 1965 నాటి ఇంకో చట్టం కింద ఉంది. కౌంటీలో పెద్దవాళ్ల సేవల కార్యాలయంలో అడిగితే చెబుతారు. మొదటిసారి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: ఇంటి డీడ్ నకలు, ఐదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఊళ్లో ఆస్తి ఉంటే దాని కాగితాలు, ఈ ఐదేళ్లలో పిల్లలకి ఇచ్చినవాటి తేదీలు, ఇంట్లో ఎవరెవరు ఎప్పటినుంచి ఉంటున్నారో ఒక తెల్లకాగితం మీద. వీలైతే అమ్మని కూడా తీసుకెళ్లాలి. ఇల్లు ఆమెది, సంతకం పెట్టేదీ ఆమే.